హచ్చొళ్ళి మిత్రుడికి చదివి వినిపించిన వాక్యం

మా వామపక్ష వాట్సాప్ గ్రూపులో నేను రాసే వ్యాసాలు తుంగభద్ర కాలువంత పొడవుంటాయి. వాటిని పైకి తోసీ తోసీ సభ్యుల బొటనవేళ్ళు సగానికి అరిగాయి. ఒక్కడి వేలు మాత్రం క్షేమం. కర్ణాటక పల్లె హచ్చొళ్ళిలో కూలికి పోయే నా పాత మిత్రుడు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో కన్నడమే చదివాడు. అందుకే సిరుగుప్ప సంతకు వచ్చినప్పుడల్లా మా అంగట్లో కూర్చుని గ్రూపు మొత్తం నాచేత చదివించుకునేవాడు.

ఆ వారం ఏదో దూరదేశంలో సోషలిస్టు ప్రభుత్వం మీద జనం రోడ్డెక్కారు. అదంతా సామ్రాజ్యవాదుల కుట్రేనని పదమూడు వ్యాసాలు రాశాను. మిత్రుడు ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మన సర్కారైతే మాత్రం ఆకలి కాదేమప్పా?"

గ్రూపంతా అతన్నే సమర్థించింది. నాకు ఒళ్ళు మండి, "ఇతనూ అమ్ముడుపోయాడు" అని రాశాను.

సంతనాడు అతను ఆ మెసేజే తెరిచి ఫోను నా చేతికిచ్చాడు. "ఇదేందో చదువప్పా."

"నీ ప్రశ్న ఆలోచించాల్సిందేనని రాసినా," అన్నాను.

అతను ఫోను వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు చదివింది బాగుండాది. ఫోనే చదివి వినిపిస్తాదంట, మనవరాలు చూపిచ్చింది. అది వేరేగా చదివింది. ముప్పై ఏండ్లు నీ పక్కన జెండా పట్టుకున్యా. నన్ను కొన్నోడెవడో చెప్పప్పా."

మర్నాడు హచ్చొళ్ళికి పోయి తప్పయిందన్నాను. అతను చాప పరిచాడు.

"దాందేముండాదిలెండి. మీరు కూసోండి," అన్నాడు.