ఇస్త్రీ మేస్త్రి వేలు

ఇస్త్రీ పెట్టె కాగిందో లేదో చెప్పడానికి ఆయన వేలే కొలత. చూపుడు వేలు తడి చేసుకుని పెట్టె అడుగున అలా తాకించి, పట్టుకి సరిపోతుందో, నూలుకి సరిపోతుందో తేల్చేసేవాడు. ముప్ఫై ఏళ్లుగా వీధిలో ఆ వేలికున్న పరపతి ఆయనకే లేదు. పెట్టె మీద అంకెలున్నాయి కదా అని భార్య అంటే, "అంకెలకేం తెలుసే బట్ట సంగతి" అనేవాడు.

షుగరు వచ్చి పన్నెండేళ్లు. అందులో రెండేళ్లు అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండాయి. మాత్రలు మింగాడు, మూలిగాడు, ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేశాడు. ఒకనాడు మంట పోయింది. మహానుభావుడు తన వైద్యం తానే ముగించి మాత్రలు అటకెక్కించాడు.

"చూశావా, ఎలా నయం చేసుకున్నానో."

"చూశాను. కాలి చెప్పు ఊడిపోయినా తెలియకుండా వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. అదీ చూశాను."

వైభోగం అక్కడితో ఆగలేదు. ఆయన లెక్కలో పెట్టె కాగడం మానేసింది. వేలు తాకించి, చల్లగా ఉందంటూ మీట ఇంకాస్త తిప్పేవాడు. వకీలు గారి నల్లకోటు వీపున పెట్టె ఆకారం అచ్చు దిగింది. తప్పు కరెంటుది, పెట్టెది, కోటు కుట్టినవాడిది. వేలిది మాత్రం కాదు. ఆ వేలి కొసన బొబ్బ ఆవిడ కంటబడింది. అంత బొబ్బ లేచినా అబ్బా అనని మొగుణ్ణి చూసి మురిసిపోయే తీరిక లేక, కొట్టు మూసి ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ ఆయన్ని కళ్లు మూసుకోమని, నైలాను పోగు ఒకటి తీసి, "కాలికి తగలగానే చెప్పండి" అంది. పది చోట్ల పొడిచింది. ఆయన ఉలకలేదు, పలకలేదు. కాసేపాగి, "ఇక మొదలెట్టమ్మా, కొట్లో పనుంది" అన్నాడు.

పక్కనున్న భార్యకి నవ్వు రావలసింది. రాలేదు.

"మంట పోయింది నయమై కాదు బాబాయ్ గారూ, నరాలు మొద్దుబారి. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేను. షుగరు అదుపులో ఉంటే మిగిలింది దక్కించుకోవచ్చు. మాత్రలు మానొద్దు. రోజూ అరికాళ్లు చూసుకోండి. వేడి ముట్టుకుని చూడొద్దు. ఈ బొబ్బ పుండై ముదిరితే వేలు తీసెయ్యాల్సి వస్తుంది."

"వేలు తీసేస్తే పెట్టె కాగిందని నాకెవరు చెప్తారు?"

"ఇప్పుడు చెప్తోందా?" అంది భార్య.

మర్నాడు బల్ల ముందు నిలబడి, అలవాటు చొప్పున వేలు తడి చేసుకున్నాడు. అది పెట్టెకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఎవరినీ అడగని మాట అడిగాడు, అదీ గోడకేసి చూస్తూ.

"కాగిందా?"

గోడకి తెలియదు కనుక ఆవిడే పెట్టె అడుగున నాలుగు నీటిచుక్కలు చిలకరించింది. చుయ్యిమన్నాయి.

"కాగింది. చొక్కాలు కానివ్వండి" అంది.

ఆయన చొక్కా పరిచాడు.