మెట్ల మేడం ఒంటరిగా ఉన్న రోజు

మంటలొస్తే లిఫ్టు జోలికి పోకుండా మెట్లమీదుగా ఎలా దిగాలో ఆఫీసులకు వెళ్ళి నేర్పడం ఆమె ఉద్యోగం. అందుకే అందరికీ మెట్ల మేడం. "కంగారు పడకండి" అని రోజుకు ఇరవైసార్లు చెప్పే ఆ మనిషికే, ఆరో నెల కడుపుతో ఉండగా, ఒక బ్యాంకు మూడో అంతస్తులో ఉన్నట్టుండి ఊపిరాడలేదు. గుండె దడదడ, చేతులు చల్లన. ఊపిరాడకపోతే పొగే అయ్యుంటుందనుకుని అలవాటుకొద్దీ గంట నొక్కేసింది. అరవైమంది బుద్ధిగా వరుస కట్టి రోడ్డుమీదికి దిగారు. చెప్పాపెట్టకుండా పెట్టిన పరీక్ష భలేగా ఉందని మేనేజరు మురిసిపోయి ప్రశంసాపత్రం ఇచ్చాడు. రెండు చేతులా పుచ్చుకుంది. పాపం, ఏమని చెబుతుంది?

డాక్టరమ్మ విషయం తేల్చింది. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటారు. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది, పోదు. కాసేపటికి తగ్గిపోతుంది." మందులిచ్చింది, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడింది. కాన్పయింది, పాప పుట్టింది. దడ మాత్రం పూర్తిగా వదల్లేదు. పాప ఒళ్ళో ఉండగా వస్తే? చేతుల్లోంచి జారిపోతే? ఆ భయంతో మూడు నెలలపాటు ఒంటరిగా ఉండనే లేదు. సాయానికొచ్చిన తన తల్లి స్నానానికి వెళ్తే గడియ కూడా పెట్టుకోనిచ్చేది కాదు.

ఆ తల్లి ఉద్యోగానికి పెట్టిన సెలవు అయిపోయింది. భర్త పనికి వెళ్ళిపోయాడు. "నువ్వెళ్ళమ్మా, నేను చూసుకుంటా" అని మహా ధైర్యవంతురాలిలా సాగనంపి తలుపు వేసింది. పావుగంటకే వచ్చేసింది దడ. పాపతో సహా బయటికి పరుగెత్తబోయి ఆగి, గోడకి వీపు ఆనించి నేలమీద చతికిలబడింది. ఇక పాప జారినా పడ్డానికి చోటేదీ? చెమటలు కక్కుతూనే పాలు పట్టింది. అమ్మ గుండె అంతలా కొట్టుకుంటున్నా ఆ పిల్లకి చీమ కుట్టినట్టయినా లేదు. కడుపారా తాగి, అమ్మ భుజంమీద ఇంత కక్కి, నిద్రపోయింది. చూస్తుండగానే దడా తగ్గింది.

సంతోషం పట్టలేక, ఎవరికైనా చెబుదామని పాపను ఎత్తుకుని తలుపు తీసింది. చెప్పుల స్టాండు పక్కన నేలమీద తల్లి! ఒళ్ళో సంచీ, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా! నువ్వింకా వెళ్ళలేదూ?"

"అడుగు పడితేగా! నువ్వేమైపోతావోనని నాకే ఊపిరాడ్డం లేదే. చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో."

మెట్ల మేడంకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పాపను ఒక చేత్తో పొదువుకుని తల్లి పక్కనే కూర్చుంది. రెండో చేత్తో ఆ వణికే చేతిని గట్టిగా పట్టుకుంది.

"మెల్లగా వదులమ్మా ఊపిరి. తగ్గిపోతుందిలే. నేనున్నాగా."