రైలు పాస్ స్కూటర్లు

ఎనభయ్యో దశకంలో నేను కామాఠీపురాలో ఒంటిగది కాపురాల చాల్‌లో ఉంటూ, దగ్గర్లోని ఇంజినీరింగ్ కళాశాల ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. ఆవరణలో స్కూటర్లకు చోటు చాలక, బండి తేని అధ్యాపకులకు రైలు పాస్ ఖర్చు ఇస్తామని యాజమాన్యం ప్రకటించింది. మా విద్వాంసులు ఆ సొమ్ము పుచ్చుకుని, స్కూటర్లను మా చాల్ సందులో నిలపసాగారు.

ఒక మధ్యాహ్నం నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె నడిచే స్థితిలో లేదు; టాక్సీ సందు మొదట్లోనే ఆగిపోయింది. హ్యాండిళ్లు పక్కకు తిప్పి తాళాలు వేసినందున స్కూటర్లు నెట్టినా కదలలేదు. పరుగున కళాశాలకు వెళ్లి, ఆ స్కూటర్లలో ఒకదాని సొంతదారైన ప్రొఫెసర్‌ను బతిమాలాను.

"నేను క్యాంపస్‌లో పెట్టలేదు కదయ్యా! క్లాసు అయ్యాక చూద్దాం," అన్నాడాయన.

తిరిగి వచ్చేసరికి, తాపీ పనికి పోయే పొరుగింటి ఎల్లమ్మ కొంగు నడుముకు బిగిస్తోంది. "ఏడ్సుకుంట నిలవడకు తమ్మీ, ఎన్క చక్రం వట్టు! సార్ల బండ్లకు జాగ నేన్ జూపిస్త," అంది. చాల్ ఆడవాళ్లంతా కలిసి స్కూటర్లను ఎత్తి పక్కనున్న మురుగు మోరీలో పడేశారు. టాక్సీ లోపలికి వచ్చింది. ఆసుపత్రి చేరిన కాసేపటికే పాప పుట్టింది.

మర్నాడు ఆ ప్రొఫెసర్ నన్ను పిలిపించి, తన స్కూటర్ అద్దం ఎవరు పగలగొట్టారని అడిగాడు. తల్లీబిడ్డల మాటే ఎత్తలేదు. ఆవరణ ఖాళీ అయినందుకు యాజమాన్యం తన పథకాన్ని తానే మెచ్చుకుంది. గేటు అవతలికి చూడలేని ఆ చదువుల మీద నాకు ఆనాడు పోయిన గౌరవం మళ్లీ రాలేదు.