సూదిమందుకు ముందు నమూనా

నన్ను గోదావరిఖనికి పంపింది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక వానాకాలంలో. అప్పుడు నేను ఒక పరిశోధన సంస్థలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. డాక్టర్‌ని కాను. రక్తం నమూనాలు సేకరించి పరీక్షించడం నా పని. గని కార్మికుల కాలనీల్లో బాలింతలకు, చంటిపిల్లలకు బి1 విటమిన్ ఎంత అందుతోందో చూడాలి.

బి విటమిన్లు నీళ్లలో కరిగేవి. బియ్యం నాలుగుసార్లు కడిగి, అన్నం వార్చి గంజి తీసేస్తే చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయి. తల్లి ఒంట్లో లేనిది పాలలోకి రాదు. రెండు మూడు నెలల బిడ్డకు గొంతు పోతుంది, ఆయాసం వస్తుంది, చివరికి గుండె దెబ్బతింటుంది. వేళకు సూదిమందు పడితే అదే బిడ్డ కొన్ని గంటల్లో తేరుకుని పాలు తాగుతుంది.

మల్లవ్వ ఇంటికి సర్వే కోసం రెండుసార్లు వెళ్లాను. ఆమె కొడుకు గనిలో పని చేస్తాడు, కోడలు రజిత రెండు నెలల ఆడపిల్లతో బాలింత. పథ్యమని రజితకు పాతబియ్యపు అన్నం, ఎల్లిపాయ కారం తప్ప మరేమీ పెట్టడం లేదు. గంజి మాత్రం బర్రె కుడితిలోకి పోతోంది. ఎందుకమ్మా అంటే, “బాలింత గంజి తాగితే పొల్లకు సర్ది జేస్తది సారూ” అంది మల్లవ్వ. బర్రె కడుపులోని సూక్ష్మజీవులే ఆ విటమిన్లను తయారు చేస్తాయి, దానికి ఈ గంజితో పనే లేదు. ఆ మాట చెప్పి నేను పెద్దగా నవ్వాను. రజితకు మేమిచ్చిన విటమిన్ మాత్రలు కూడా వేడి చేస్తాయని పక్కన పెట్టారు.

ఒక పొద్దున మల్లవ్వ, రజిత ఆటోలో పాపను నేను నమూనాలు పరీక్షించే దవాఖానకు తెచ్చారు. కొడుకు డ్యూటీలో భూమి కింద ఉన్నాడు. పాప నోరు తెరిచి ఏడుస్తోంది, గొంతు రావడం లేదు. డ్యూటీ డాక్టర్ చూడగానే బి1 లోపమని గుర్తుపట్టింది. వార్డులో ఆ సూదిమందు నిండుకుంది. నా ప్రాజెక్టు పెట్టెలో ఉంది.

“ఇచ్చేద్దామా సార్?” అని డాక్టర్ అడిగింది.

మా పద్ధతిలో మందుకు ముందే రక్తం తీయాలి. మందు పడ్డాక తీసిన నమూనా లోపాన్ని చూపదు. తీసిన రక్తం వెంటనే ఐసులో పెట్టాలి. ఐసుపెట్టె కాలనీలో మా అసిస్టెంటు దగ్గరుంది. నెలరోజులకు దొరికిన మొదటి అసలైన కేసు. డాక్టర్‌ని పది నిమిషాలు ఆగమన్నాను, సూది పడగానే పాప తేరుకుంటుందని మల్లవ్వకు చెప్పాను.

పెట్టె వచ్చేసరికి అరగంట దాటింది. ఆ తర్వాత నరం దొరకలేదు. డాక్టర్ రెండుసార్లు నా మొహం చూసింది, నేను తల తిప్పుకున్నాను. చివరికి రక్తం వచ్చింది, సూది పడింది. కాసేపటికే పాప గుండె ఆగిపోయింది. పరీక్షలో లోపం స్పష్టంగా తేలింది. అంత మంచి నమూనా ఆ సర్వేలో మరొకటి రాలేదు.

బయట బెంచీ మీద మల్లవ్వ అడిగింది: “సూది ఏస్తే జల్దినే లేస్తదంటిరి గద సారూ, మా పొల్ల ఎందుకు లెవ్వకపాయె?”

“ఆలస్యంగా తెచ్చారమ్మా” అన్నాను.

ఆమె నమ్మింది. “నేనే ఆలిశం జేస్తి బిడ్డా” అని రజిత చెయ్యి పట్టుకుంది. రజిత ఆ చెయ్యి విదిలించుకుంది.

గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. వాళ్ల పథ్యాన్ని చూసి నవ్వినవాణ్ణి, నా పద్ధతీ అలాంటి పట్టింపేనని తెలుసుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తర్వాత మా నియమం మార్పించాను. మందు ముందు, రక్తం దొరికితే తర్వాత. హాని చేయని మందును నమూనా కోసం ఆపకూడదు. నేను నేర్చుకున్నది ఇంతే. ఆలస్యం తనది కాదని మల్లవ్వకు చెప్పాల్సింది. సర్వే ముగిసేవరకు ఇంకో ఏడు వారాలు అక్కడే ఉన్నాను. చెప్పలేదు.