జోడీవాడి కొర్రమట్ట

చలిలో చెరువు మీదికి పోవద్దని నేను బాపుతో ఎంత మొత్తుకున్నానో. వింటేగా! శామీర్‌పేట చెరువు మీద మంచు కప్పి అవతలి ఒడ్డు కనబడని పొద్దున కూడా, దగ్గుతూనే తెప్ప మీద వల తీయడానికి పోయేవాడు. చివరికి ఒకనాడు ఊపిరాడక తెప్ప మీదే ఒరిగిపోతే, జోడీవాడు ఒడ్డుకు చేర్చాడు. నిమోనియా అన్నారు.

జోడీవాడంటే బాపుతో ఒకే తెప్ప మీద ముసలివాడైన మనిషి. ఆయనది చెరువుకు ఆ ఒడ్డున పల్లె. నేను చిన్నాయిన అనేదాన్ని. ఇద్దరూ రోజంతా తిట్టుకునేవాళ్ళు, ఒకరు లేకుండా ఇంకొకరు నీళ్ళలోకి దిగేవాళ్ళు కాదు.

ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి బాపు సగమైపోయాడు. వల లాగిన చేతులు చాయ్ గ్లాసు కూడా ఎత్తలేకపోయేవి. గొట్టంతో గాలి పీల్చమని ఇచ్చిన డబ్బాలో మూడు బంతులుంటే, ఒక్కటీ లేవలేదు. బాగా తినాలి, మెల్లగా నడవాలి, కొన్నాళ్ళు ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు, మనసు కష్టపెట్టొద్దు అన్నాడు డాక్టరు. తినమంటే బాపు మూతి తిప్పుకునేవాడు.

"నోరంత సప్పగున్నది బిడ్డా. ఇడ్శిపెట్టు."

నాకు ఒళ్ళు మండేది. నాలుగు తిట్టి, వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకునేదాన్ని.

మా వాడలో ఒక రివాజు ఉంది. మంచాన పడ్డవాడి ఇంటికి జోడీవాడు తన వలలో పడ్డ కొర్రమట్ట చేపను పంపాలి. ఆ పులుసు తాగితే సత్తువ వస్తుందని నమ్మకం. లేచి మళ్ళీ నీళ్ళలో దిగిన నాడు, ఆ లేచినవాడు తనకు పడ్డ మొదటి చేపను జోడీవాడి ఇంటికి తీసుకుపోయి ఇవ్వాలి. అప్పుడే మనిషి లేచినట్టు. అంతదాకా డాక్టరు ఏం చెప్పినా రోగి రోగే.

చిన్నాయిన రోజూ పొద్దున్నే చేప సంచిని మా గేటుకు తగిలించి, బయటినుంచే కేకేసేవాడు.

"ఓ ముసలోడా, తిని జల్దీ లెవ్వు. తెప్ప నా ఒక్కనితోని అయితలేదు."

"నువ్వేరా ముసలోనివి," అని బాపు మంచంలోంచి గొణిగేవాడు. అమ్మ మిరియాలు దంచి వేసి పలుచగా పులుసు పెట్టేది. దాంతో మాత్రం నాలుగు ముద్దలు తినేవాడు.

చలి తగ్గకముందే చిన్నాయినకూ అదే దగ్గు పట్టుకుంది. పడిశమేలే అని చెరువు మీదికి పోతూనే ఉన్నాడు. పట్నం ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది, చిన్నాయిన దక్కలేదు. మట్టికి నేనొక్కదాన్నే పోయి వచ్చాను. నేను కండ్లకోయలో ఒక కాలేజీ క్యాంటీన్‌లో వంట చేస్తాను. కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని బాపు అడిగితే ఉల్లిగడ్డలు కోశానన్నాను.

"గీ మాట ఇంటే మీ బాపు మల్ల ముద్ద ముట్టడు. జర లేవనియ్యి, గప్పుడు జెప్దాం," అంది అమ్మ.

అప్పటినుంచి సాయంత్రం పని దిగగానే మేడ్చల్ మార్కెట్లో కొర్రమట్ట కొనడం నా వంతు, పొద్దున దాన్ని గేటుకు తగిలించడం అమ్మ వంతు. చేప అయితే దొరికింది. ఆ కేకను ఎక్కడ కొనేది?

"గాడు ఒర్లుతలేడేందే?" అన్నాడు బాపు.

"నువ్వు పండుకున్నవని నేనే వద్దన్న బాపు."

మార్కెట్ చేప ఐసులో ఉండి వచ్చింది. బాపు ముక్క నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. "గిదేం శాపనే, గింత మెత్తగున్నది? మంచియి అమ్ముకొని పాసియి నాకు పంపుతుండు గాడు. లేశినంక జెప్త వాని సంగతి."

ఇక రోజూ అదే తిట్టు. నవ్వలేక, ఏడవలేక నేను పక్కన కూర్చునేదాన్ని. కానీ తిడుతూనే తిన్నాడు. చిన్నాయినను దులపాలన్న పట్టుదలతోనే ఆ మూడు బంతులూ లేపాడు. గేటు దాకా, ఆ తర్వాత రోడ్డు దాకా నడిచాడు. ముఖానికి కళ వచ్చింది. ఆ ముఖం చూస్తూ అమ్మా నేనూ రేపు చెప్దాం అనుకుంటూ వచ్చాం.

చలి పోయాక ఒకనాడు నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. చిలక్కొయ్యకు వల లేదు. చెరువు దగ్గరికి ఉరికాను. ఒడ్డునున్నవాళ్ళు, బాపుకు చెప్పలేకపోయామని తలలు దించుకున్నారు. బాపు ఒక్కడే తెప్ప మీద ఆ ఒడ్డుకు చేరుతున్నాడు.

ఆటోలో చుట్టు తిరిగి పోయేసరికి, బాపు చిన్నాయిన వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో కొర్రమట్ట కొట్టుకుంటోంది.

"ఓ ముసలోడా, బయటికి రా. శాపంటే గిట్లుంటది, సూడు."

తలుపు తీసి చిన్నమ్మ వచ్చింది. ఆమె నుదుట బొట్టు లేదు.

బాపు ఎత్తి పట్టిన చేపను కిందికి దించాడు. "ఎన్నడు?" అని అడిగాడు. చిన్నమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను.

"మరి గా శాపలు?"

"నేనే మేడ్చల్ల కొన్న బాపు."

చిన్నమ్మ వచ్చి ఆయన చేతిలోని చేపను అందుకుంది. "లేశినవ్ గద అన్నా. దవాఖానల గూడ గదే అడిగిండు, ముసలోడు లేశిండా అని."

బాపు గడప మీద కూర్చున్నాడు. బాపు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"మెత్తటి శాప పంపుతుండని రోజు తిట్టిన గదమ్మా వాణ్ణి," అన్నాడు.

చిన్నమ్మ చేపను కడగడానికి లోపలికి తీసుకుపోయింది.