ఫికరక్క చున్నీ, నా తిన్నని వరస

ఆ రోజుల్లో హఫీజ్‌పేట నుంచి వెళ్లే మా ఆఫీసు బస్సు కొత్తగూడ దగ్గర ఆగిపోతే అందరూ ఉసూరుమనేవారు, నేనొక్కదాన్నే లోలోపల సంతోషించేదాన్ని. బస్సు ఆగితే నా సూది కదిలేది. ఒళ్లో అమ్మ పాత నేత చీరల పొరలు, కిటికీలోంచి పొద్దుటెండ. సూది మునిగి, తేలి, మళ్లీ మునిగి ఆ మెత్తటి బట్టలో పోతూ ఉంటే నిద్రా మెలకువా కాని ఒక మగత కమ్మేది. గాజు మేడలూ, ఖాజాగూడ బండరాళ్లూ, హెల్మెట్ల వరసలూ అన్నిటినీ ఎవరో మెల్లిగా కలిపి కుడుతున్నట్టుండేది. ఇంట్లోనూ అంతే, పిన్ని టీవీ ముందుంటే నేను మంచమంతా బొంత పరుచుకుని కూర్చునేదాన్ని. (పిన్ని వెంటనే సౌండు పెంచేది. కావాలనే పెంచేదని నా అనుమానం. ఇప్పటికీ.)

ఆ బొంత వెనక ఒక అవమానం ఉంది. కొత్తగా ఉద్యోగం వచ్చి నేను పిన్ని వాళ్లింట్లో ఉంటుండగా, పిన్ని కూతురు, నాకు చెల్లెలు, పురిటికి వచ్చింది. మా ఇళ్లల్లో పుట్టిన బిడ్డని మొదట పాత చీరల బొంత మీదే పడుకోబెడతారు, అది ఇంట్లో వాళ్లే కుట్టాలి. నేను కుడతానన్నాను. పిన్ని నా మొదటి ముక్క ఎత్తి పట్టుకుని, చుట్టాలందరి ముందూ, "ఏంటే ఇది, చీమ దారి తప్పినట్టుంది? వద్దులే తల్లీ, ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను" అంది. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. (మేనత్త కాస్త ఎక్కువే నవ్వింది.) ఆ బిడ్డ పడుకుంటే నా బొంత మీదే పడుకోవాలని ఆ పూటే పంతం పట్టాను.

దానికి తోడు ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా చిన్న కత్తెర లాక్కుని డబ్బాలో వేసుకున్నాడు. కత్తెర ప్రమాదమట. సూది మాత్రం కాదట. ఎప్పుడు అడిగినా "రూల్, మేడమ్" అనేవాడు. దాంతో దారం పళ్లతో కొరుక్కోవడం అలవాటైంది.

బస్సులో నా పక్క సీటావిడది వేరే టీమ్. దేనికైనా "ఫికర్ చెయ్యకు పిల్లా" అనేది కాబట్టి నాకు ఫికరక్క. ఎక్కగానే నిద్రపోయేది. ఆ పొద్దున కొత్తగూడలో బస్సు ఎంతకీ కదల్లేదు. నా చేతికి ఏమొచ్చిందో, వరస తిన్నగా సాగుతోంది! నా జన్మలో మొదటిసారి. కల చెదిరిపోతుందేమో అన్నంత నెమ్మదిగా, కళ్లు సగం మూసుకుని కుట్టుకుంటూ పోయాను. ఆఫీసు రాగానే ఫికరక్క లేచింది. ఆవిడతో పాటు నా బొంత కూడా లేచింది. గాలికి జారిన ఆవిడ ఆకుపచ్చ చున్నీ బొంత కిందికి చేరినట్టుంది, నేను చూసుకోలేదు.

"ఏంది పిల్లా ఇది? నన్ను గూడ కలిపి కుట్టినవా?"

దారం రెండు పోగులది, ఆవిడ పళ్లకి లొంగలేదు. వెనక అందరూ దిగాలని తొందర. ఆవిడకి మీటింగు. ఇద్దరం బొంతని చెరో కొసా పట్టుకుని గేటు దాకా నడిచాం. అక్కడ కార్డు గీస్తే ఒక మనిషే లోపలికి వెళ్లాలి. ఫికరక్క వెళ్లింది, నేను బయటే ఉన్నాను, బొంత మధ్యలో ఇరుక్కుంది, గేటు కుయ్యోమంది.

"ఒక కార్డుకి ఒక్కరే మేడమ్!" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"ఇప్పుడు మేం ఒక్కరమే, అన్నా" అంది ఫికరక్క.

వెనక వరస పెరిగిపోయేసరికి ఆయన డబ్బాలోంచి కత్తెర తీశాడు. నా కత్తెరే! పిడికి నేను కట్టిన ఎర్ర దారంతో సహా. "కుట్లు కట్ చేసెయ్యండి" అన్నాడు. నేను బొంతని గుండెకి హత్తుకున్నాను. "ఇదొక్కటే తిన్నగా వచ్చిందక్కా, విప్పితే మళ్లీ రాదు" అంటూ అంతమంది ముందూ పిన్ని మాటా, చుట్టాల నవ్వూ అంతా చెప్పేశాను. బొంత అంచుతోనే కళ్లు తుడుచుకున్నాను.

ఫికరక్క శ్రద్ధగా విని, "మేనత్త గూడ నవ్విందా?" అని అడిగింది. తర్వాత కత్తెర తీసుకుని, కుట్టు జోలికి పోకుండా, తన చున్నీనే బొంత అంచు వెంబడి కత్తిరించింది. "తీస్కో. ఇగ ఏడ్వకు జర. మీ పాప పండుకుంటది."

(కత్తెర మాత్రం మళ్లీ డబ్బాలోకే పోయింది. రూలట.)

పాప పుట్టింది. పిన్ని నా బొంతని పరిచి, వరసలన్నీ వేలితో తడుముతూ వచ్చి ఆ తిన్నని వరస దగ్గర ఆగింది. "ఇదొక్కటీ నువ్వు కుట్టలేదు కదూ?" అంది! కానీ పాపని తనే తెచ్చి దాని మీద పడుకోబెట్టింది. ఆన్‌లైన్ బొంత కవరు కూడా విప్పలేదు. పాప ఒకసారి కాళ్లు తన్నుకుని, గుప్పిళ్లు మూసి నిద్రపోయింది.

ఆ పిల్ల ఇప్పుడు బడికెళ్తోంది, ఆ బొంత లేకపోతే పడుకోదట. పిన్ని తన మాట వెనక్కి తీసుకోలేదు, నేను ఎదురుచూడ్డం మానలేదు. ఫికరక్క ఎప్పుడో వేరే కంపెనీకి మారిపోయింది, ఇప్పుడు ఎవరి పక్కన నిద్రపోతోందో. అంత తిన్నని వరస మళ్లీ నా చేతికి రాలేదు. ఇప్పటికీ మెట్రోలో కుడుతూనే ఉంటాను, చుట్టుపక్కల ఎవరి బట్టలున్నాయో చూసుకుని మరీ. కానీ కిటికీలోంచి ఎండ పడే కొన్ని పొద్దుటి వేళల్లో, నిద్రలో ఉన్న పక్కావిడ చున్నీ జారి నా ఒళ్లో పడితే, తీసి అవతల పెట్టడానికి చెయ్యి కాస్త ఆలస్యంగా లేస్తుంది.