ఎలుగుబంటి నోట్లో పుదీనా కట్ట

ఒకప్పుడు ఈ రాష్ట్రంలో సాయంత్రం అయిదున్నర అయిందంటే చాలు, పిల్లలంతా ఆటలు వదిలేసి నా గొంతు వినడానికి ఇళ్ళకు పరిగెత్తేవారు. వీధులు ఖాళీ అయిపోయేవి. జూబ్లీ హిల్స్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు పని లేక కుర్చీ వేసుకుని కునుకు తీసేవాడు.

సరే, ట్రాఫిక్ పోలీసు నా కల్పన. పిల్లలు పరిగెత్తిన మాట మాత్రం నిజం. నా గొంతు వినడానికే పరిగెత్తారా అంటే, ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

నేను డబ్బింగ్ మనిషిని. తొంభైలలో విదేశీ కార్టూన్లు తెలుగులోకి దిగడం మొదలైనప్పుడు, ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న రికార్డింగ్ థియేటర్లో పనిచేశాను. యూసుఫ్‌గూడలో మా ఇల్లు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని గుట్ట ఎక్కేవాణ్ణి. పగలంతా కప్పగానో, రైలింజనుగానో, కూలిపోయే వంతెనగానో బతికి, సాయంత్రానికి మళ్ళీ మనిషినై గుట్ట దిగేవాణ్ణి.

ఆ కార్టూన్లలో ఒకటి పులిపిల్లది. అడవిలో ఒక పోస్టాఫీసు. పులిపిల్ల ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచుతుంది. పోస్టుమాస్టరు ముసలి ఎలుగుబంటి. అది బల్ల దగ్గర కూర్చుని ముద్రలు కొడుతూ ఏదో గొణుగుతూ ఉంటుంది. కథంతా ఇంతే. ఇప్పటి పిల్లలకు చూపిస్తే రెండు నిమిషాల్లో లేచిపోతారు. అప్పటి పిల్లలు మాత్రం దానికోసం అన్నం మానేశారు.

అలా అన్నం మానేసిన పిల్లల్లో మా అల్లుడొకడు. అప్పుడతను భీమవరం వైపు ఉండేవాడు. తొమ్మిదేళ్ళ కిందట మా అమ్మాయిని చూడడానికి తల్లిదండ్రులతో మా ఇంటికి వచ్చాడు. మిక్చరు తింటూ మర్యాదకు, "మీరేం చేస్తుంటారండీ?" అన్నాడు. చెప్పాను. పులిపిల్ల కార్టూన్ పేరెత్తగానే చేతిలో ప్లేటు కింద పెట్టేశాడు.

"అందులో మీరెవరండీ?"

నేను ఎలుగుబంటిని. ఆ మాటే చెప్పాలి. కానీ ఆ కుర్రాడి కళ్ళు చూశాను. అవి ఎలుగుబంటి కోసం వెలుగుతున్న కళ్ళు కావు.

"పులిపిల్లని" అన్నాను.

అంతే, లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు చెప్పకముందే నా కాళ్ళకు దండం పెట్టాడు. వాళ్ళమ్మ అయితే కొడుకు పిల్లను చూసేశాడనుకుని కళ్ళు తుడుచుకుంది. పిల్ల అప్పటికింకా వంటింట్లోనే ఉంది.

ఆ సాయంత్రం మా ఆవిడ అడిగింది. "ఏందయ్యా, పులివి ఎప్పుడైనవ్?"

"సంబంధం కుదరనీ, నిజం చెప్తా" అన్నాను. కుదిరింది. పెళ్ళి కానీ అన్నాను. అయింది. పండక్కి చెప్తానన్నాను. ఏ పండగో అనలేదు.

ఈలోగా అబద్ధం అల్లుడితో పాటు ఇంటిమనిషైపోయింది. ఆదివారం అల్లుడింట్లో కోడికూర వండితే కాలు ముక్క నా కంచంలోకే వచ్చేది. కిటికీ పక్క కుర్చీ నాది. నేనుండగా టీవీ రిమోట్ మీద ఇంకొకరి చెయ్యి పడేది కాదు. "ఇంత లావు గొంతుతో పులిపిల్లని ఎలా చేశారు మామయ్య గారూ?" అని అడిగినప్పుడల్లా నేను కొత్త రహస్యం బయటపెట్టేవాణ్ణి. ఒకసారి, చన్నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుంటే గొంతు పైకి లేస్తుందన్నాను. మరోసారి, బుగ్గలో నాలుగు ఏలకులు దాచుకోవాలన్నాను. ఇంకోసారి, కాలి బొటనవేలికి దారం కట్టి సరిగ్గా గొంతు పై స్థాయికి పోయేటప్పుడు లాగాలన్నాను. నేను మర్చిపోయేవాణ్ణి. అతను మర్చిపోయేవాడు కాదు.

మొన్న వేసవిలో అల్లుడు ఫోన్ చేశాడు. జూబ్లీ హిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో అతనికి ఉద్యోగం. వాళ్ళు చేస్తున్న సినిమాలో హీరో చిన్నప్పుడు ఆ కార్టూన్ చూసే సన్నివేశం ఉందట. ఎవరింట్లోనో పాత వీడియో క్యాసెట్ దొరికింది. బొమ్మ కనబడుతోంది కానీ శబ్దం పూర్తిగా పాడైపోయింది. పులిపిల్ల మాట ఒక్కటి మళ్ళీ చెప్పించాలి.

"మా మామయ్య గారే అసలు గొంతని ఆఫీసులో అందరికీ చెప్పేశానండీ. రేపు పదింటికి బండి తెస్తాను."

తొమ్మిదేళ్ళ మర్యాద ఒక్క వాక్యానికి వచ్చి ఆగింది. నేను పులిపిల్లను కానని తెలిస్తే పోయేది కాలు ముక్క ఒక్కటే కాదు. ఆ కుర్రాడు నన్ను చూసే చూపు పోతుంది. నా జన్మలో ఇంకెవరూ నన్నలా చూడలేదు.

"గొంతు బాగోలేదు నాయనా" అన్నాను, కొంచెం దగ్గి.

పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడ ఫోన్లోకి వినబడేలా అంది. "గొంతుకేమైంది? పొద్దుగాల పాలాయనతోని గంట సేపు ముచ్చట పెట్టినవ్ గద!" తర్వాత నాతో నెమ్మదిగా అంది. "నేను గూడ వస్త. నువ్వు పులివెట్లయితవో జర చూస్త."

మేం చేసిన పాత థియేటర్ ఉన్నచోట ఇప్పుడు కాఫీ షాపు ఉంది. కొత్త థియేటర్ అదే వీధిలో మేడ మీద. లోపల అద్దం వెనక గదిలో అల్లుడి ఆఫీసువాళ్ళు, నలుగురు గడ్డాల కుర్రాళ్ళు, ఒక అమ్మాయి. అందరూ ముప్పైఅయిదు దాటినవాళ్ళే. నన్ను చూసి అయిదుగురూ లేచి చప్పట్లు కొట్టారు.

నలుగురే కొట్టారు. అయిదో అతను చార్జర్ కోసం లేచాడు.

రికార్డిస్టు మైకు సర్దుతున్నంతసేపూ వాళ్ళ మధ్య పెద్ద గొడవ.

"పులిపిల్ల ఎర్ర స్కూటర్ మీద వచ్చేది కదా సార్?"

"స్కూటర్ ఏంది రా, సైకిల్! గంట గూడ ఉంటుండె."

"అసలు బండే లేదు. నడిచేది. కాళ్ళకి గంబూట్లు."

"మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ. నాకు ఎరుపూ తెలీదు, పసుపూ తెలీదు. అది పులి అనే తెలీదు. పిల్లి అనుకున్నా" అంది ఆ అమ్మాయి.

టైటిల్ పాట పాడమంటే నలుగురు నాలుగు పాటలు పాడారు. అందులో ఒకటి నాకు బాగా తెలుసు. అది సబ్బు ప్రకటన.

"మీరే చెప్పండి మామయ్య గారూ" అన్నాడు అల్లుడు గర్వంగా.

నాకూ తెలియదు. ఇది మాత్రం పచ్చినిజం. ఆ కార్టూన్‌ని నేనెప్పుడూ వరసగా చూడలేదు. మాకు ముక్కలు ముక్కలుగా చూపించేవారు. నా ముక్క రాగానే చెప్పి, బయటికొచ్చి టీ తాగేవాణ్ణి. నేను చూసింది ఎలుగుబంటి మూతి ఒక్కటే. పులిపిల్ల దేని మీద వచ్చేదో, టీ కొట్టు దగ్గరున్నవాడికి ఏం తెలుస్తుంది?

"మూడూ నిజమే, వారానికొకటి" అన్నాను. అందరూ సంతోషించారు.

లోపలికెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. తెర మీద బొమ్మ కదిలింది. పోస్టాఫీసు బల్ల ముందు పులిపిల్ల, వెనక ముద్రలు కొడుతున్న నా ఎలుగుబంటి. పులిపిల్ల చెప్పాల్సింది ఒకటే మాట. "ఉత్తరమొచ్చింది, తలుపు తీయండోయ్!"

నోరు తెరిచాను. పులిపిల్ల రాలేదు. తుప్పు పట్టిన షట్టరు ఒకటి సగం లేచి ఆగింది.

"సార్, కొంచెం పైకి" అన్నాడు రికార్డిస్టు.

ఇంకొంచెం పైకి లేపాను. ఈసారి ప్రెషర్ కుక్కర్. అద్దం వెనక ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

హెడ్‌ఫోన్స్‌లో అల్లుడి గొంతు. "మామయ్య గారూ, కంగారు పడకండి. అన్నీ తెచ్చాను."

తలుపు తెరుచుకుంది. ఏలకుల పొట్లం, దారపు ఉండ, నిండా చన్నీళ్ళున్న నీలం బకెట్. అల్లుడే మోసుకొచ్చాడు.

"మైకు కాడ నీళ్ళేంది సార్!" రికార్డిస్టు లేచి అరిచాడు. "షాక్ కొడ్తది!"

"ఆయన పద్ధతి అది. మీకు తెలీదు" అన్నాడు అల్లుడు, చాలా కటువుగా. మా నాన్న కూడా నన్నెప్పుడూ అంతలా వెనకేసుకురాలేదు.

పంచె ఎగ్గట్టి బకెట్లో కాళ్ళు పెట్టాను. నాలుగు ఏలకులు బుగ్గలోకి పోయాయి. అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, నా బొటనవేలికి దారం కట్టాడు. రెండో కొస పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. అద్దం వెనక మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు ఊపుతోంది.

తెర మీద బొమ్మ మళ్ళీ నడిచింది. అల్లుడు దారం లాగాడు. నేను పులిపిల్లను చూడాలి. కానీ నా కళ్ళు అలవాటు చొప్పున ఎలుగుబంటి మూతి మీదికి పోయాయి. అది కదులుతోంది. ఆ మూతి కదిలితే ఊరుకోవడం నాకు చేతకాదు. మాటలు వాటంతట అవే దొర్లుకొచ్చాయి.

"కిలో బాస్మతి... పావుకిలో పెరుగు... పచ్చిమిరపకాయలు... పుదీనా కట్ట, పుదీనా మరవద్దు, పుదీనా..."

ఎలుగుబంటి మూతి ఆగింది. నేనూ ఆగాను. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

అద్దం వెనక అయిదుగురూ నిలబడిపోయారు. "అదే! అదే గొణుగుడు!" అని ఆ అమ్మాయి అరిచింది. అల్లుడి చేతిలోంచి దారం జారిపోయింది.

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి. విదేశీ మాట పొడుగు, తెలుగు మాట పొట్టి. మన మాట అయిపోయాక కూడా బొమ్మ మూతి ఆడుతూనే ఉంటుంది. ఎలుగుబంటికైతే రాసిచ్చిన మాట ఒకటి, మూతి ఆడేది పది మాటలకు. ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి. పొద్దున బయల్దేరేటప్పుడు మా ఆవిడ తెమ్మన్న సామాను మర్చిపోకుండా ఉండాలని నేను దాన్నే నింపేవాణ్ణి. సరిచూసే పెద్దలు బొంబాయిలో ఉండేవారు. వాళ్ళకు తెలుగు రాదు. అలా మా వంటింటి సామాను ఏళ్ళ తరబడి ఇంటింటికీ ప్రసారమైంది.

తలుపు దబ్బున తెరుచుకుంది. ఈసారి మా ఆవిడ.

"గా పుదీన! మా అన్న వదినె వచ్చిన నాటి పుదీన! పొయ్యి మీద బిర్యాని పెట్టి నీ తొవ్వ చూసుకుంట కూసున్న. వట్టి చేతులు ఊపుకుంట వచ్చినవ్. ఏమన్నవ్? 'నువ్వు చెప్పనే లేదు' అన్నవ్!"

"అది... మర్చిపోయిన."

"మర్చిపోయినవా? టీవీల రాష్ట్రానికంతా చెప్పినవ్ గదయ్యా! మూడుసార్లు చెప్పినవ్! ఇంటికి తేనీకి మాత్రం మర్చిపోయినవ్!"

ఒక్క అబద్ధం దాచడానికి వచ్చినవాడికి రెండు బయటపడ్డాయి. బకెట్లో నిలబడ్డవాడు పారిపోలేడు కూడా. ఏలకులు తీసి జేబులో వేసుకుని అల్లుడి వైపు తిరిగాను.

"నేను పులిపిల్లను కాను బాబూ. నేను ఎలుగుబంటిని. చిన్నపిల్లల గొంతులు, జంతువుల పిల్లల గొంతులు మా పనిలో ఆడవాళ్ళే చెబుతారు. ఆ గొంతు ఒకావిడది. కృష్ణానగర్‌లో ఉంటుంది. నంబరు నా దగ్గరుంది."

అతను వంగి, నా వేలికున్న దారం ముడి విప్పాడు. తడిసిన ముడి కదా, చాలాసేపు పట్టింది.

తిరుగు ప్రయాణంలో కారులో మా ఆవిడ పుదీనా సంగతి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా ఆపింది, అంటే చూడండి. యూసుఫ్‌గూడ వైపు దిగుతుంటే అల్లుడు అద్దంలోంచి నా వైపు చూడకుండానే అడిగాడు.

"పెళ్ళిచూపులప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే లేచి నిలబడేవాడివా?"

"నిలబడేవాణ్ణి కాదండీ. కూర్చునే ఒప్పుకునేవాణ్ణి. మీ అమ్మాయి ఫోటో వారం ముందే చూశాను."

మర్నాడు ఆ కృష్ణానగర్ ఆవిణ్ణి నేనే తీసుకెళ్ళాను. భుజానికి సంచీ తీయకుండానే మైకు ముందు నిలబడి, "ఉత్తరమొచ్చింది, తలుపు తీయండోయ్!" అంది. ఒక్కసారే. బకెట్ లేదు, దారం లేదు. ఆ గొంతు ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు కూడా పెద్దవలేదు. మా అల్లుడు తొమ్మిదేళ్ళ కిందట మా ఇంట్లో లేచినట్టే లేచి నిలబడ్డాడు. ఈసారి సరైన మనిషి ముందు. పక్కన నుంచుని చూశాను. కొంచెం కుళ్ళుకున్నాను. కొంచెం అని రాశాను కానీ చాలానే.

ఆ ఆదివారం ఆవిడ మా అల్లుడింటికి భోజనానికి వచ్చింది. కాలు ముక్కలు రెండూ ఆవిడ కంచంలోకే పోయాయి. కిటికీ కుర్చీ కూడా. నాకు మెడ ముక్క వచ్చింది. న్యాయమే. నేను స్టూలు మీద కూర్చుని మెడ కొరుకుతుంటే, అల్లుడు చేతిలో ఫోన్‌తో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మామయ్య గారూ, సాయంత్రానికి సరుకులు తేవాలి. లిస్టు ఇదిగో. ఎలుగుబంటి గొంతుతో చదివిపెట్టండి, రికార్డు చేసుకుంటాను. దారిలో వింటూ పోతే మర్చిపోను."

చదివాను. పెరుగు, కరివేపాకు, దోసకాయలు, పుదీనా. పుదీనా మూడుసార్లు. ఇప్పుడు ప్రతి వారం చదువుతున్నాను. నా గొంతు వినడానికి జూబ్లీ హిల్స్ సూపర్ మార్కెట్లో జనం బారులు తీరుతున్నారని విన్నాను.

వినలేదు. అతను ఇయర్‌ఫోన్స్ చెవుల్లో పెట్టుకుని వింటాడు, ఇంకెవరికీ వినబడదు. ఆ మొదటి ఆదివారం అన్నీ తెచ్చాడు, సంచీ బల్ల మీద బోర్లించాడు. మా ఆవిడ ఒక్కొక్కటే పక్కకు జరిపి చూసి, ముందు అతని వైపూ తర్వాత నా వైపూ తిరిగింది.

"పుదీనేది?"